ఆంటోయిన్ లావోయిజర్

ఆంటోయిన్ లారెంట్ లావోయిజర్ (ఆగష్టు 26, 1743 - మే 8, 1794) ఫ్రాన్సు దేశానికి చెందిన సుప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త. ఈయనను ఆధునిక రసాయన శాస్త్ర పితామహుడిగా పేర్కొంటారు. మండటం అంటే పదార్థం గాలిలోని ఆమ్లజనితో, అనగా ఆక్సిజన్‌తో, సంయోగం చెందడమేనని నిరూపించాడు. రసాయన చర్యలో పాల్గొన్న పదార్థాల మొత్తం బరువు మారదని త్రాసు సాయంతో చూపించాడు. వేల సంవత్సరాలుగా మూలకంగా భావించబడిన నీరు నిజానికి ఉదజని, అనగా హైడ్రోజన్, మండగా ఏర్పడిన పదార్థమని తేల్చాడు. నీటినే ఇంధనంగా వాడి వాహనాలు నడపవచ్చునని నేటికీ అప్పుడప్పుడు వినవచ్చే ప్రకటనలు ఎందుకు నిలబడవో తెలియాలంటే ఈయన 1783 - 1785 మధ్య చేసిన ప్రయోగాలను తెలుసుకుంటే చాలు.

తొలి జీవితం

లావోయిజర్ పారిస్ నగరంలో ఒక సంపన్న న్యాయవాది ఇంట జన్మించాడు. ఐదేళ్ళ వయసులో తల్లి మరణించగా, పినతల్లి సంరక్షణలో పెరిగాడు. తల్లి వైపు నుండి ఈయనకు పెద్ద ఆస్తి సంక్రమించింది. మజరాన్ కళాశాలలో చదువుకుని, తండ్రి కోరిక మేరకు 1764లో న్యాయశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నాడు గాని న్యాయవాద వృత్తి ఏనాడూ చేపట్టలేదు. రూయెల్ రసాయన శాస్త్ర ఉపన్యాసాలు, గెటార్ వెంట చేసిన భూగర్భ పరిశోధన యాత్రలు ఈయనను విజ్ఞాన శాస్త్రం వైపు మళ్ళించాయి. పారిస్ వీధులలో రాత్రిపూట దీపాలు వెలిగించే ఉత్తమ విధానంపై రాసిన వ్యాసానికి 1766లో రాజు నుండి బంగారు పతకం లభించింది. 1768లో, 25 ఏళ్ళు నిండక ముందే, ఫ్రెంచి విజ్ఞాన శాస్త్ర అకాడమీకి ఎన్నికయ్యాడు.

నీరు మట్టిగా మారుతుందా?

నీటిపై లావోయిజర్ ఆసక్తి తొలినాళ్ళలోనే మొదలైంది. మన పంచభూతాల వలెనే, గ్రీకుల సిద్ధాంతంలోనూ నీరు ఒక మూల పదార్థం. ఈ నీరు తగిన పరిస్థితులలో మట్టిగా మారగలదని 18వ శతాబ్దంలో కూడా చాలామంది పండితులు నమ్మేవారు. దానికి రెండు ఆధారాలు చూపేవారు. మొదటిది, వాన్ హెల్మాంట్ తొట్టిలో పెంచిన విల్లో చెట్టు. ఐదేళ్ళపాటు నీరు మాత్రమే పోయగా చెట్టు 160 పౌనులకు పైగా బరువు పెరిగింది, తొట్టిలోని మట్టి మాత్రం దాదాపు తగ్గలేదు. కనుక నీరే చెట్టుగా మారిందని ఆయన నిర్ణయించాడు. చెట్టు గాలి నుండి కూడా ఆహారం తీసుకుంటుందని అప్పటికి ఎవరికీ తెలియదు. రెండవది, ఎంత శుద్ధమైన నీటినైనా గాజుపాత్రలో చాలాకాలం మరిగిస్తే అడుగున కొంత మడ్డి చేరడం.

లావోయిజర్ రెండవ ఆధారాన్ని పరీక్షకు పెట్టాడు. ఆవిరైన నీరు చల్లబడి మళ్ళీ అడుగుకే చేరేటట్లు మలచిన గాజుపాత్రలో స్వేదన జలం పోసి, మూతి బిగించి, 1768 అక్టోబరు నుండి 101 రోజులపాటు ఏకధాటిగా వేడిచేసాడు. పాత్రను, నీటిని ముందుగానే విడివిడిగా తూచి ఉంచాడు. చివరకు మడ్డి ఏర్పడింది. కాని నీటితో సహా మూసిన పాత్ర మొత్తం బరువులో మార్పు లేదు, ఖాళీ చేసి తూచిన పాత్ర బరువు మాత్రం తగ్గింది. ఆ తగ్గుదల దాదాపు మడ్డి బరువుకు సరిపోయింది. మడ్డి నీటి నుండి కాక గాజు నుండే వచ్చిందన్నమాట. ఈ ప్రయోగంలో కొత్త పరికరమేమీ లేదు. ముందు తూచడం, తరువాత తూచడం, తేడా ఎక్కడికి పోయిందో వెతకడం - ఇంతే. లావోయిజర్ జీవితాంతం చేసిన పని ఇదే.

ఇజారా, వివాహం

అకాడమీకి ఎన్నికైన సంవత్సరమే లావోయిజర్ ఫెర్మ్ జెనెరాల్ అనే సంస్థలో వాటా కొన్నాడు. ఇది రాజుకు ముందుగా పెద్ద మొత్తం చెల్లించి, ఉప్పు, పొగాకు మొదలైన వాటిపై పన్నులు ప్రజల నుండి వసూలు చేసుకునే ప్రైవేటు గుత్తేదారుల సంఘం. నిజాం పాలనలోని తెలుగు ప్రాంతాలలో ఒకప్పుడు ఉండిన ఇజారా పద్ధతి వంటిదే ఇది. ప్రజలలో ఈ సంస్థకు ఎంత చెడ్డపేరు ఉండేదో చెప్పనక్కరలేదు. దీనివల్ల లావోయిజర్‌కు విశేషమైన ఆదాయం వచ్చింది. అందులో పెద్ద భాగం ప్రయోగశాలకే ఖర్చు చేసాడు. ఐరోపాలో మరెవరి దగ్గరా లేనంత సున్నితమైన త్రాసులు చేయించుకోగలిగింది ఈ సొమ్ముతోనే. చివరకు ప్రాణం మీదకు తెచ్చింది కూడా ఇదే సొమ్ము.

1771లో తోటి ఇజారాదారు పోల్జ్ కుమార్తె మారీ ఆన్‌ను వివాహమాడాడు. అప్పటికి ఆమె వయసు 13 సంవత్సరాలు, ఈయన వయసు 28. ఆ కాలపు సంపన్న కుటుంబాలలో ఇలాంటి వివాహాలు అరుదు కాదు. ఆమె ఇంగ్లీషు నేర్చుకుని, భర్తకు రాని ఆ భాషలోని రసాయన శాస్త్ర గ్రంథాలను ఫ్రెంచిలోకి అనువదించింది. చిత్రకారుడు దావీద్ వద్ద చిత్రలేఖనం అభ్యసించి, భర్త గ్రంథంలోని పరికరాల చిత్రాలన్నీ తానే గీసింది. ప్రయోగాల వివరాలు, కొలతలు పుస్తకంలో నమోదు చేసేది కూడా ఆమెయే. ఆమెను సహాయకురాలు అనడం కన్నా సహ పరిశోధకురాలు అనడమే న్యాయం.

1775లో లావోయిజర్ ప్రభుత్వ తుపాకిమందు సంఘంలో సభ్యుడిగా నియమితుడయ్యాడు. మరుసటి ఏడాది దంపతులు పారిస్ ఆయుధాగారంలోని నివాసానికి మారారు. తరువాతి ముఖ్య ప్రయోగాలన్నీ అక్కడి ప్రయోగశాలలోనే జరిగాయి.

మంట అంటే ఏమిటి?

అప్పటి రసాయన శాస్త్రంలో ఫ్లోజిస్టాన్ సిద్ధాంతం రాజ్యమేలుతుండేది. మండే ప్రతి వస్తువులోనూ ఫ్లోజిస్టాన్ అనే పదార్థం దాగి ఉంటుందనీ, మండినప్పుడు అది బయటకు పోతుందనీ దీని సారాంశం. కట్టె కాలి గుప్పెడు బూడిద మిగలడం చూసేవారికి ఇది సబబుగానే తోచేది. అయితే లోహాలను కాలిస్తే బరువు తగ్గడానికి బదులు పెరుగుతుంది. గంధకం, భాస్వరం కూడా మండినప్పుడు బరువు పెరుగుతాయని లావోయిజర్ 1772లో గమనించి, ఆ విషయం రాసిన కాగితాన్ని ముద్ర వేసి అకాడమీకి అప్పగించాడు. ఆ బరువు గాలి నుండే రావాలని ఊహించాడు.

గాలిలోని ఏ భాగం నుండి అన్న ప్రశ్నకు జవాబు 1774లో ఇంగ్లండు నుండి వచ్చింది. జోసెఫ్ ప్రీస్ట్‌లీ పాదరసపు ఎర్రటి భస్మాన్ని వేడిచేసి, కొవ్వొత్తిని దేదీప్యమానంగా వెలిగించే ఒక వాయువును రాబట్టాడు. ఆ అక్టోబరులో పారిస్ వచ్చి లావోయిజర్ ఇంట విందులో ఆ సంగతి చెప్పాడు. స్వీడన్‌కు చెందిన షీలే అంతకు ముందే ఇదే వాయువును కనుగొన్నాడు గాని ఆయన పుస్తకం ఆలస్యంగా వెలువడింది. లావోయిజర్ ఈ వాయువును మొదట కనుగొన్నవాడు కాదు, అది ఏమిటో మొదట అర్థం చేసుకున్నవాడు.

ఈయన పాదరసాన్ని మూసిన పాత్రలో 12 రోజులు వేడిచేసాడు. లోపలి 50 ఘనపుటంగుళాల గాలిలో 7, 8 ఘనపుటంగుళాలు తగ్గాయి, పాదరసంపై ఎర్రటి భస్మం ఏర్పడింది. ఆ భస్మాన్ని విడిగా మరింత వేడిచేస్తే పాదరసం తిరిగి వచ్చింది, దానితోపాటు 7, 8 ఘనపుటంగుళాల వాయువు కూడా వచ్చింది. తీసుకున్నంతే తిరిగి ఇచ్చింది. ఆ వాయువుకే తరువాత ఆక్సిజన్ అని పేరు పెట్టాడు. దీనితో ఫ్లోజిస్టాన్ అవసరం లేకుండాపోయింది. మండటం అంటే ఆమ్లజనితో కలవడం, కాలిన పదార్థం అంటే ఇప్పటికే ఆమ్లజనితో కలిసిపోయిన పదార్థం.

మంచు కెలోరీమీటరు

పదార్థాన్ని తూచినట్లే ఉష్ణాన్ని కూడా కొలవాలని లావోయిజర్ తలచాడు. 1782-83 శీతాకాలంలో గణితవేత్త లాప్లాస్‌తో కలిసి ఒక పరికరాన్ని తయారు చేయించాడు. నడుమ గదిలో ప్రయోగ వస్తువు, దాని చుట్టూ మంచు, బయటి వేడి తగలకుండా దాని చుట్టూ మరొక మంచు పొర. లోపలి మంచు కరిగి కారిన నీటిని తూచితే ఎంత ఉష్ణం వెలువడిందో తెలుస్తుంది. ఇందులో బొగ్గును మండించి చూసారు, ఒక గినీ పందిని కూడా ఉంచి చూసారు. జంతువు శ్వాసక్రియ కూడా ఒక నెమ్మదైన దహనమేనని ఈ పోలికతో నిర్ణయించారు.

1783లో వీరిద్దరూ సమర్పించిన ఉష్ణ వ్యాసంలో ఒక సూత్రం ఉంది. రెండు పదార్థాలు కలిసినప్పుడు ఎంత ఉష్ణం వెలువడుతుందో, వాటిని తిరిగి విడదీయడానికి సరిగ్గా అంత ఉష్ణమే కావాలి. దీనికే లావోయిజర్ - లాప్లాస్ నియమమని పేరు. మేయర్, జౌల్, హెల్మ్‌హోల్ట్జ్ 1840లలో శక్తి నిత్యత్వ నియమాన్ని స్థాపించడానికి అర్ధ శతాబ్దం ముందు సంగతి ఇది.

నీరు మూలకం కాదు

ఇంగ్లండుకు చెందిన హెన్రీ కేవెండిష్ లోహాలపై ఆమ్లం పోసినప్పుడు వచ్చే మండే గాలిని 1766లోనే వర్ణించాడు. 1781లో ఆయన దానిని ఆమ్లజనితో కలిపి విద్యుత్ రవ్వతో మండించగా పాత్ర గోడలపై శుద్ధమైన నీరు ఏర్పడింది. కాని కేవెండిష్ ఫ్లోజిస్టాన్ వాది. నీరు ఆ వాయువులలో ముందే ఉండి బయట పడిందన్న ధోరణిలోనే దీనిని వివరించాడు. ఆయన సహాయకుడు బ్లాగ్డెన్ 1783 జూన్‌లో పారిస్ వచ్చి ఈ విషయం లావోయిజర్‌కు తెలిపాడు.

జూన్ 24న లావోయిజర్, లాప్లాస్ కలిసి బ్లాగ్డెన్ మొదలైన సాక్షుల ఎదుట రెండు వాయువులనూ ఒక గాజు గోళంలోకి పంపి మండించారు. సుమారు 19 గ్రాముల నీరు చేరింది. మర్నాడే లావోయిజర్ అకాడమీలో నీరు మూలకం కాదని, మండే గాలి ఆమ్లజనితో కలవగా ఏర్పడిన సమ్మేళనమని ప్రకటించాడు. ఆ ప్రకటనలో కేవెండిష్‌కు ఇవ్వవలసినంత గౌరవం ఇవ్వలేదని బ్లాగ్డెన్ తరువాత బహిరంగంగా ఆక్షేపించాడు. జేమ్స్ వాట్ కూడా తనకు ఈ ఆవిష్కరణలో భాగముందని వాదించాడు. ఇతరుల ప్రయోగాలను తన సిద్ధాంతంలో ఇముడ్చుకున్నప్పుడు వారి పేర్లు చెప్పడంలో లావోయిజర్ ఉదారుడు కాడన్నది ఈయనను అభిమానించే చరిత్రకారులు కూడా ఒప్పుకునే మాట.

తుపాకి గొట్టం ప్రయోగం

నీటిని చేసి చూపితే సరిపోదు, విడదీసి కూడా చూపాలి. దీనికి మరొక అవసరం కూడా తోడైంది. 1783లో ఫ్రాన్సు అంతటా బెలూన్ల సందడి. ఆగష్టులో చార్లెస్ ఉదజని బెలూన్‌ను ఎగురవేసాడు, డిసెంబరులో తానే అందులో ప్రయాణించాడు. ఆ వాయువును చౌకగా, పెద్ద ఎత్తున తయారు చేసే మార్గం కావలసి వచ్చింది. లావోయిజర్ యువ సైనిక ఇంజనీరు మ్యూనియేతో కలిసి ఎర్రగా కాల్చిన ఇనుప తుపాకి గొట్టం గుండా నీటిని బొట్లుబొట్లుగా పంపాడు. రెండవ కొస నుండి ఉదజని వెలువడింది. ఆమ్లజని ఇనుమును పట్టుకుని ఉండిపోయింది, ఇనుము బరువు పెరిగింది.

1785 ఫిబ్రవరి చివర, మార్చి మొదట ఆయుధాగారంలో ఈ ప్రయోగాన్ని అకాడమీ సభ్యుల సమక్షంలో రోజుల తరబడి రెండు దిశలలోనూ, అనగా విడదీయడం, కలపడం రెండూ, చేసి చూపించారు. నీటిలో బరువు ప్రకారం 85 పాళ్ళు ఆమ్లజని, 15 పాళ్ళు ఉదజని ఉన్నాయని లెక్క తేలింది. ఇప్పటి లెక్క ప్రకారం ఇవి 88.8, 11.2. ఈ ప్రదర్శనల తరువాత ఫ్రాన్సులో ఫ్లోజిస్టాన్ వాదులు ఒక్కొక్కరే దానిని వదిలిపెట్టారు.

ఈ ప్రయోగంలో గమనించవలసిన అంశం ఒకటుంది. గొట్టం లోనికి వెళ్ళింది నీరే, బయటకు వచ్చింది మండే వాయువే. పైపైన చూసేవారికి నీరు ఇంధనంగా మారినట్లే కనిపిస్తుంది. కాని గొట్టం కింద మంట నిరంతరం మండుతూ ఉండాలి, లోపలి ఇనుము భస్మమైపోతూ ఉండాలి. ఖర్చయ్యే సరుకు ఇనుము, బొగ్గు. వాటి బాకీ మీదనే ఉదజని వస్తుంది.

నీటితో వాహనం ఎందుకు నడవదు?

ఇంధనం అంటే ఇంకా ఆమ్లజనితో కలవని, కలిసినప్పుడు ఉష్ణాన్ని ఇవ్వగల పదార్థం. నీరు ఇప్పటికే కలిసిపోయిన పదార్థం. కట్టెకు బూడిద ఎలాంటిదో, ఇనుముకు తుప్పు ఎలాంటిదో ఉదజనికి నీరు అలాంటిది. బూడిదను మళ్ళీ పొయ్యిలో వేసి అన్నం వండలేనట్లే, నీటిని మండించి ఇంజను నడపలేము.

నీటిని విద్యుత్తుతో విడదీయవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. వోల్టా విద్యుత్ ఘటమాల వార్త అందగానే 1800లో లండనులో నికల్సన్, కార్లైల్ ఈ పని చేసారు. అప్పటికి లావోయిజర్ మరణించి ఆరేళ్ళు. అయితే ఖర్చు ఎంత? ఒక లీటరు నీటిని పూర్తిగా విడదీయడానికి, నష్టాలేమీ లేవనుకున్నా, దాదాపు 4.4 యూనిట్ల శక్తి కావాలి. అప్పుడు సుమారు 111 గ్రాముల ఉదజని వస్తుంది. ఆ ఉదజనిని మండించి, ఏర్పడిన ఆవిరిని పూర్తిగా చల్లార్చి నీరుగా చేస్తే వెలువడే ఉష్ణం మళ్ళీ అదే 4.4 యూనిట్లు. ఇది లావోయిజర్ - లాప్లాస్ నియమమే. మిగులు సున్న.

వాహనంలో ఆ సున్న కూడా దక్కదు. మామూలు కారు ఇంజను తనకు అందిన ఉష్ణంలో మూడవ వంతును చక్రాల కదలికగా మార్చితే గొప్ప, అంటే ఒకటిన్నర యూనిట్ల కంటే తక్కువ. దానినంతటినీ విద్యుత్తుగా మార్చడానికి పెట్టినా, కారు ఆల్టర్నేటరులో మరి కొంత పోయి యూనిట్‌కు కాస్త అటూఇటూగా మిగులుతుంది. నీటిని విడదీసే పాత్రలో ఇంకొంత వేడిగా పోతుంది. లీటరు నీటితో మొదలుపెట్టినవాడు మొదటి చుట్టులోనే పావులీటరును కూడా విడదీయలేని స్థితికి వస్తాడు, బండి ఇంకా అంగుళం కూడా కదలకుండానే. మంచి ఉత్ప్రేరకం వాడితేనో, కరెంటును ప్రత్యేకమైన తరచుదనంతో పంపితేనో ఈ లెక్క మారుతుందని చెప్పేవారున్నారు. ఉత్ప్రేరకం చర్య వేగాన్ని పెంచుతుంది, వృథాను కొంత తగ్గిస్తుంది. మొదటి స్థితికీ చివరి స్థితికీ మధ్యనున్న శక్తి తేడాను మార్చలేదు. ఆ వాహనంలోకి వెళ్ళేది నీరు, పొగగొట్టం నుండి వచ్చేదీ నీరే అయినప్పుడు ఆ తేడా ఎలాగూ సున్నయే.

అయినా ఈ ఆశ చావలేదు. అమెరికాకు చెందిన స్టాన్లీ మేయర్ సుమారు 83 లీటర్ల నీటితో లాస్ ఏంజలెస్ నుండి న్యూయార్కు వరకు బండి నడపగలనని ప్రకటించి పెట్టుబడులు సేకరించాడు. ఇద్దరు పెట్టుబడిదారులు దావా వేయగా, నిపుణులు పరికరాన్ని పరిశీలించి అందులో మామూలు విద్యుద్విశ్లేషణ తప్ప మరేమీ లేదని చెప్పారు. 1996లో ఒహాయో న్యాయస్థానం దీనిని మోసమని నిర్ణయించి, సొమ్ము వాపసు చేయమని ఆదేశించింది. అదే 1996లో తమిళనాడులో ఒక వ్యక్తి మూలికలతో నీటిని పెట్రోలుగా మారుస్తానని దేశమంతటా సంచలనం కలిగించాడు. 2016లో చెన్నై న్యాయస్థానం ఆయనకు మూడేళ్ళ జైలుశిక్ష విధించింది. 2012లో పాకిస్తానులో ఒక ఇంజనీరు నీటి కారును టెలివిజన్‌లో ప్రదర్శించగా, ఆ దేశ శాస్త్రజ్ఞులు కొందరు ఎంత మొత్తుకున్నా మంత్రులు సైతం ఆయనను మెచ్చుకున్నారు. కొన్ని ప్రదర్శనలలో బండి నిజంగానే కదులుతుంది. అలాంటప్పుడు వెతకవలసింది తుపాకి గొట్టాన్ని: అల్యూమినియం, మెగ్నీషియం వంటి లోహమో, ముందే నింపిన బ్యాటరీయో లోపల ఎక్కడో ఖర్చవుతూ ఉంటుంది.

ఉదజనితో నడిచే కార్లను దీనితో కలగాపులగం చేయకూడదు. వాటిలో నింపేది ఉదజని, బయటకు వచ్చేది నీరు. ఆ ఉదజనిని తయారు చేయడానికి కావలసిన శక్తి వేరొక చోట ఖర్చవుతుంది.

అయస్కాంత జలం

ఇలాంటి ప్రకటనలను పరీక్షించే పని లావోయిజర్‌కు తన జీవితకాలంలోనే తటస్థించింది. జంతు అయస్కాంతత్వం అనే కంటికి కనిపించని ద్రవంతో సర్వరోగాలనూ నయం చేస్తానని మెస్మర్ అనే వైద్యుడు పారిస్‌ను ఉర్రూతలూగిస్తున్న రోజులవి. 1784లో రాజు నియమించిన విచారణ సంఘంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, బాయీ, వైద్యుడు గిలోటిన్‌లతోపాటు లావోయిజర్ కూడా సభ్యుడు. మెస్మర్ శిష్యుడు దెలోన్ ప్రయోగాలకు అంగీకరించాడు. లావోయిజర్ ఇంట్లో జరిగిన ఒక పరీక్షలో ఒక రోగికి వరుసగా మామూలు నీటి కప్పులు అందించారు. నాలుగవ కప్పు దగ్గర ఆమెకు అయస్కాంత శక్తి సోకినట్లు మూర్ఛ వచ్చింది. ఆ తరువాత నిజంగా అయస్కాంతీకరించిన నీటిని ఆ సంగతి చెప్పకుండా ఇస్తే, నిమ్మళంగా తాగింది. ఫలితమంతా ఊహ వల్లనేనని సంఘం తీర్పు చెప్పింది. రోగికి తెలియకుండా మందును పరీక్షించే పద్ధతికి ఇది తొలి ఉదాహరణలలో ఒకటి.

పేర్లు, పుస్తకం

1787లో గితోన్ ద మోర్వో, బెర్తొలే, ఫుర్‌క్రువాలతో కలిసి లావోయిజర్ రసాయన పదార్థాలకు కొత్త నామకరణ పద్ధతిని ప్రవేశపెట్టాడు. పదార్థం పేరు వింటే అందులో ఏమున్నదో తెలియాలన్నది దీని ఉద్దేశం. నీటిని పుట్టించేది కనుక హైడ్రోజన్, ఆమ్లాలను పుట్టించేది కనుక ఆక్సిజన్. తెలుగులోని ఉదజని, ఆమ్లజని అనే మాటలు ఈ గ్రీకు పేర్లకు చేసిన సరియైన అనువాదాలే. ఉదజని అన్న మాటలోనే 1783 నాటి ప్రయోగ ఫలితం మొత్తం ఇమిడి ఉంది.

ఆమ్లజని విషయంలో మాత్రం లావోయిజర్ పొరబడ్డాడు. ఆమ్లాలన్నిటిలోనూ ఆక్సిజన్ ఉండి తీరుతుందని ఈయన నమ్మకం. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది లేదని హంఫ్రీ డేవీ 1810 ప్రాంతంలో తేల్చాడు. పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది, ఆ పొరపాటు తెలుగులోకి కూడా దిగుమతి అయింది.

1789లో వెలువడిన ప్రాథమిక రసాయన శాస్త్ర గ్రంథంలో లావోయిజర్ 33 సరళ పదార్థాల పట్టిక ఇచ్చాడు. ఏ పద్ధతిలోనూ ఇక విడదీయలేని పదార్థమే మూలకమని నిర్వచించాడు. ఆ పట్టికలో కాంతికి, ఉష్ణానికి కూడా చోటిచ్చాడు. ఉష్ణం కెలోరిక్ అనే బరువులేని ద్రవమని ఈయన భావన. ఇది తరువాతి తరం తోసిపుచ్చింది. అయినా కెలోరిక్ నమ్మకంతో చేసిన మంచు కెలోరీమీటరు కొలతలు చెల్లకుండా పోలేదు. ఉష్ణం ద్రవమైనా కదలికైనా ఖాతాలో జమ, ఖర్చు సరిపోవలసిందే.

విప్లవం, మరణం

1789లో ఫ్రెంచి విప్లవం మొదలైనప్పుడు లావోయిజర్ మార్పులను స్వాగతించినవారిలో ఒకడు. తూనికలు, కొలతల సంస్కరణ సంఘంలో పనిచేసాడు. ఖనిజ శాస్త్రజ్ఞుడు హావీతో కలిసి నిర్ణీత ఘనపరిమాణం గల నీటిని అతి జాగ్రత్తగా తూచాడు. మెట్రిక్ పద్ధతిలో బరువుకు ప్రమాణం నీటి నుండే తీసుకున్నారు.

కాని ఫెర్మ్ జెనెరాల్ గతం వెంటాడింది. 1791లో ఆ సంస్థ రద్దయింది. దొంగసరుకును అరికట్టడానికి పారిస్ చుట్టూ కట్టించిన సుంకపు గోడ ఈయన సూచనేనన్న కోపం ప్రజలలో ఉండనే ఉంది. మంట గురించి తాను రాసిన గ్రంథాన్ని 1780లో లావోయిజర్ లెక్కచేయలేదన్న కసి విప్లవ పత్రికా సంపాదకుడు మారాకు ఉండేది. ఆయన తన పత్రికలో ఈయనపై నిప్పులు చెరిగాడు. 1793 ఆగష్టులో అకాడమీ రద్దయింది. నవంబరు 24న పాత ఇజారాదారులందరినీ నిర్బంధించమని ఆజ్ఞ వెలువడగా, నాలుగు రోజుల తరువాత లావోయిజర్ తనకు తానే లొంగిపోయాడు. హావీ, బోర్డా ధైర్యం చేసి విడుదలకు అర్జీ పెట్టారు గాని ఫలితం లేకపోయింది. విజ్ఞాన శాస్త్రంలో ఈయనతో కలిసి పనిచేసి విప్లవ ప్రభుత్వంలో పలుకుబడి సంపాదించిన వారు చాలావరకు మౌనం వహించారు.

1794 మే 8న విచారణ ఒక్క పూటలో ముగిసింది. ఆరోపణలలో ఒకటి, ఇజారాదారులు పొగాకులో నీళ్ళు కలిపి బరువు పెంచి అమ్మారని. ఆ సాయంత్రమే 28 మందికి గిలోటిన్‌పై మరణశిక్ష అమలు చేసారు. లావోయిజర్ మామగారు పోల్జ్‌ను ఈయన కళ్ళెదుటే ముందుగా వధించారు. అప్పటికి లావోయిజర్ వయసు 50 సంవత్సరాలు. గణతంత్రానికి పండితులతో పనిలేదని న్యాయమూర్తి అన్నాడన్న కథకు గాని, తల తెగిన తరువాత కనురెప్పలు ఆర్పి చూపించాడన్న కథకు గాని సమకాలిక ఆధారాలు లేవు. మూడు నెలలు తిరగక ముందే రోబెస్పియర్ పతనమయ్యాడు. మరుసటి ఏడాది ప్రభుత్వం జప్తు చేసిన పుస్తకాలను, పరికరాలను అన్యాయంగా శిక్షించబడిన లావోయిజర్ భార్యకు చెందినవన్న సూచనతో తిరిగి ఇచ్చింది.

అనంతర కాలం

మారీ ఆన్ ఒకే రోజున తండ్రిని, భర్తను కోల్పోయింది. తాను కూడా 65 రోజులు చెరలో గడిపింది. భర్త చివరి వ్యాసాలను సంపుటాలుగా అచ్చు వేయించింది. తరువాత శాస్త్రవేత్త కౌంట్ రమ్‌ఫర్డ్‌ను వివాహమాడింది గాని వారి కాపురం నిలవలేదు. ఫిరంగి గొట్టాలను తొలిచేటప్పుడు పుట్టే వేడిని పరిశీలించి, లావోయిజర్ నమ్మిన కెలోరిక్ ద్రవాన్ని 1798లో ప్రశ్నించిన రమ్‌ఫర్డ్ ఈయనే కావడం విచిత్రం. ఆమె రెండవ పెళ్ళి తరువాత కూడా లావోయిజర్ పేరును వదులుకోలేదు. 1836లో మరణించింది.

1900లో పారిస్‌లో లావోయిజర్ విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. శిల్పి పొరపాటున తత్త్వవేత్త కొండొర్సే ముఖాన్ని నమూనాగా తీసుకున్నాడని తరువాత బయటపడింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆ విగ్రహాన్ని లోహం కోసం కరిగించివేసారు. దావీద్ 1788లో చిత్రించిన లావోయిజర్ దంపతుల వర్ణచిత్రం న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఈయన త్రాసులు, నీటి ప్రయోగాలలో వాడిన వాయుమాపకాలు, మంచు కెలోరీమీటరు పారిస్‌లోని కళలు, వృత్తుల సంగ్రహాలయంలో భద్రపరచబడి ఉన్నాయి.